అమ్మకి ఏఐ రెటీనా టెస్ట్ చేయించాం, ఎడమ కన్ను దగ్గర తేడా కొట్టింది

మా అమ్మకి షుగర్ వచ్చి 14 ఏళ్లు. కంటి డాక్టర్ దగ్గరికి పదమ్మా అంటే మాత్రం కదలదు, ఆ చుక్కల మందు వేశాక సాయంత్రం దాకా అంతా మసకే, పొయ్యి దగ్గర కూడా నిలబడలేను అంటది. సరే, మా వీధి చివర డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు "ఏఐ రెటీనా స్క్రీనింగ్, చుక్కలు అక్కర్లేదు, 5 నిమిషాలు, 400 రూపాయలు" అని బ్యానర్ కడితే పోయిన నెల తీసుకెళ్లా. సెంటర్ పేరు రాయట్లేదు, రోజూ ఆ దారినే తిరగాలి మరి.

టెస్ట్ వరకు నిజంగా బాగుంది. లైట్లు ఆపేసిన చిన్న గది, ఫోన్ తగిలించిన కెమెరా, గడ్డం ఆనించుకునే స్టాండు. అక్కడున్న అమ్మాయి "మామ్మగారూ, పచ్చ లైటు వైపే చూడండి, రెప్ప కొట్టకండి" అని ఓపిగ్గా నాలుగైదు సార్లు తీసింది, అమ్మ సరిగ్గా ఫ్లాష్ పడే టైముకే రెప్ప కొడతది కదా. స్క్రీన్ మీద కుడి కన్ను పడగానే అమ్మ "ఇదా నా కన్ను, కమలాపండులా ఉందేంట్రా" అంది. నిజమే, అలాగే ఉంది, మీద ఎర్రటి వేర్లు పాకినట్టు రక్తనాళాలు. నిమిషంలో రిజల్ట్ వచ్చేసింది.

ఈ మెషిన్ చూసేది షుగర్ వల్ల రెటీనాలో (కంటి లోపల వెనకుండే పొర) వచ్చే మార్పులు, అంటే నాళాల గోడలు బలహీనపడి ఉబ్బిన చిన్న ఎర్ర చుక్కలు, రక్తం కారిన మచ్చలు, కొవ్వు పేరుకున్న పసుపు మరకలు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలా అక్కర్లేదా, ఇది చెప్తది అంతే. సైట్ చూడదు, కంటి ప్రెషర్ కొలవదు, కాబట్టి పూర్తి చెకప్ అయిపోయింది అనుకుంటే పొరపాటు. ఏ సాఫ్ట్‌వేర్ అని అడిగితే కౌంటర్లో ఎవరికీ తెలీదు. టెక్నాలజీ మీద నాకేం అనుమానం లేదులెండి, 2016లో గూగుల్ వాళ్లు 1,28,175 రెటీనా ఫోటోలు చూపించి నేర్పించిన ప్రోగ్రామ్‌లో మధురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ పేషెంట్ల ఫోటోలు కూడా ఉన్నాయి, అమెరికాలో ఐడీఎక్స్-డీఆర్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కైతే డాక్టర్ చూడకుండానే రిజల్ట్ చెప్పడానికి 2018లో ఎఫ్‌డీఏ (అక్కడ మందులకి, వైద్య పరికరాలకి ఓకే చెప్పే ప్రభుత్వ సంస్థ) పర్మిషన్ ఇచ్చింది.

తేడా కొట్టింది కౌంటర్ దగ్గర. కుర్రాడు రిపోర్టు చేతికిచ్చి "ఏం లేదు సార్, అంతా నార్మల్" అన్నాడు. అమ్మ ఫుల్ ఖుష్, దారిలో స్వీట్ షాపు వైపు కూడా చూసింది. రాత్రి అన్నాలయ్యాక ఊరికే తీసి చదివితే కుడి కంటికి ఓకే అని ఉంది, ఎడమ కంటికి మాత్రం ఇమేజ్ క్వాలిటీ చాల్లేదు, గ్రేడ్ చెయ్యలేం, డాక్టర్‌కి చూపించండి అని ఉంది. అంటే ఫోటో రాలేదు అని మెషిన్ చెప్తే జబ్బు లేదు అని వీడు చెప్పాడు!

అమ్మకి ఆ కంట్లో శుక్లం ఉంది, వయసుకి కంటిపాప కూడా చిన్నదైపోయింది, పైగా దాన్ని పెద్దది చేసే చుక్కలు వెయ్యలేదు, ఇంక ఫోటో ఏం వస్తది. ఇది మా ఒక్కళ్ల సంగతి కూడా కాదు, థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో గూగుల్ సిస్టమ్ పెట్టి చూసినప్పుడు నర్సులు తీసిన 1,838 ఫోటోల్లో 21 శాతం క్వాలిటీ చాల్లేదని మెషిన్ పక్కన పెట్టేసిందట, కొన్నిచోట్ల గదిలో లైటు ఎక్కువై.

మూడోరోజు బతిమాలి బామాలి గుంటూరు తీసుకెళ్లా, చుక్కలు వేసి డాక్టర్ గారు చూశారు. కుడి కన్ను మెషిన్ చెప్పినట్టే ఉంది. ఎడమ కంట్లో శుక్లం వెనకాల రక్తపు చుక్కలు కనపడ్డాయి, ఇప్పటికిప్పుడు లేజర్, ఇంజెక్షన్ అక్కర్లేదు, షుగర్ కంట్రోల్లో పెట్టుకుని ఆర్నెల్లకి మళ్లీ రండి అన్నారు.

కళ్లల్లో మసక ఉన్న పెద్దవాళ్లని ఇలాంటి సెంటర్‌కి తీసుకెళ్తే రెండు కళ్లకీ రిజల్ట్ వచ్చిందా అని అక్కడే నిలబడి అడగండి. నాకైతే మెషిన్ మీద కోపం లేదు, తెలీనిది తెలీదని చెప్పింది పాపం. తిరిగొచ్చాక ఆ కుర్రాడిని అడిగా, "రిపోర్టులో ఉంది కదా సార్" అన్నాడు. ఉంది. రెండో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో.