నాలుగేళ్ల వాడకం తరువాత: ఇంట్లో చేయించుకున్న పూల్ బల్ల కుషన్లు, ఫేసింగులు

ఒంగోలులో మా మేడమీది గదిలో ఉన్న ఏడడుగుల పూల్ (బిలియర్డ్స్ లాంటి ఆట) బల్లకు నాలుగేళ్లు నిండాయి. పీఠం చీమకుర్తి నుంచి తెచ్చిన 20 మిల్లీమీటర్ల గ్రానైటు పలక, చుట్టూ టేకు రైళ్లు, అంటే అంచు చెక్కలు. పలక కావాలంటే మార్కాపురం పోవలసిందని మా వడ్రంగి ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. బల్ల ఎలా ఉన్నా ఆట బాగోగులు తేలేది బంతి తగిలి వెనక్కి మళ్లే రబ్బరు కుషన్ల దగ్గర, పాకెట్ (బంతి పడే గుంట) మూతులకు అంటించే ఫేసింగుల దగ్గర కాబట్టి వాటి గురించే రాస్తున్నాను.

కుషన్లకు, పూల్ బల్లలకు వాడే కె-66 అనే ఆకారపు రబ్బరు పట్టీలు తెప్పించుకున్నాను. రబ్బరులో లోపమేమీ కనబడలేదు. తప్పంతా మా బిగింపులోనే ఉంది. కుషన్ ముక్కు, అంటే బంతికి తగిలే అంచు, బంతి వ్యాసంలో సుమారు 63.5 శాతం ఎత్తున, అంటే 57 మిల్లీమీటర్ల బంతికి 36 మిల్లీమీటర్ల చిల్లర ఎత్తున ఉండాలి. మాది 34 దగ్గరే నిలిచిపోవడంతో గట్టిగా కొట్టిన బంతి కుషన్‌కు తగలగానే కప్పలా గెంతి నేలమీద పడేది. రైళ్లు విప్పి, కింద మిల్లీమీటరు మందం మైకా ముక్కలు రెండేసి పెట్టాకే ఆ గెంతులు ఆగాయి.

ఫేసింగుల దగ్గర మాత్రం పొదుపుకు పోయి నష్టపోయాను. మొదట అంటించిన లారీ ట్యూబు ముక్కలు పలచగా, మెత్తగా ఉండి కుషన్ కొసలను ఆపలేకపోవడంతో, ఎనిమిది నెలలకే కొసలు నలిగి, వాటిమీది గుడ్డ చిరగసాగింది. ఫేసింగు కుషన్ కన్నా గట్టిగా ఉండాలన్న సంగతి అప్పుడు తెలిసింది. కొసలను మూల పాకెట్ల వద్ద 142, మధ్య పాకెట్ల వద్ద 104 డిగ్రీల కోణానికి మళ్లీ కోయించి, 5 మిల్లీమీటర్ల నియోప్రీన్ (కృత్రిమ రబ్బరు) ముక్కలు వేశాను. రబ్బరు గమ్ము రెండు వైపులా పూసి, వేలికి అంటనంతగా ఆరేదాకా, అంటే పదీ పదిహేను నిమిషాలు, ఆగి అదమాలి. ఒకసారి అతుక్కున్న ముక్క ఇక జరగదు. అందుకే ముక్కను కాస్త పెద్దదిగానే అంటించి, మిగులును సబ్బునీళ్లలో తడిపిన బ్లేడుతో కోశాను.

మూడు రోహిణి కార్తెలు దాటినా కుషన్లలో పట్టు తగ్గలేదు. తడిగాలికి రైలు బోల్టులు మాత్రం తుప్పెక్కుతున్నాయి. ఒక మధ్య పాకెట్ ఫేసింగు అంచు లేస్తోంది. గమ్ము ఆరకముందే తొందరపడి అదిమినది ఆ ఒక్కటే.