కంప్రెసర్ ఆయిల్ పేరుతో ఇంజన్ ఆయిల్ అంటగట్టారు, కొనేముందు చూసుకోండి

ఎర్ర మూత, నీలం లేబుల్, దాని మీద పెద్ద అక్షరాలతో "ప్రీమియం ఎయిర్ కంప్రెసర్ ఆయిల్, వీజీ 100". వెతకగానే పైనే కనిపించేది అదే, మీలో కొందరి కార్ట్‌లో ఇప్పటికే ఉండుంటుంది. ముందు తీసేయండి, తర్వాత ఇది చదవండి.

నాది బెల్ట్‌తో నడిచే చిన్న పిస్టన్ కంప్రెసర్. ఐఎస్ఓ వీజీ 100 (ఆయిల్ చిక్కదనం నంబర్), డిటర్జెంట్ లేని ఆయిల్ వాడమని మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. బుద్ధిమంతుడిలా అదే వెతికి ఆర్డర్ పెట్టాను, పోశాను. కొన్నాళ్లు ఏ గొడవా లేదు. తర్వాత ట్యాంక్ నిండడం ఆలస్యం కావడం మొదలైంది. హెడ్ (సిలిండర్ పై మూత) దగ్గర ఇంతకుముందు లేనంత వేడి. స్ప్రే గన్ పడితే పెయింట్ మీద చిన్న చిన్న గుంటలు, అంటే గాలితో పాటు ఆయిల్ కూడా కొడుతోందన్నమాట. నిన్న హెడ్ విప్పించాం. డెలివరీ వాల్వ్ రీడ్ (నొక్కిన గాలి బయటికి పోయే చోట తెరుచుకుని మూసుకునే పలుచని రేకు) మీద నల్లగా కార్బన్ పెంకు కట్టి, అది సీటు మీద సరిగ్గా కూర్చోవడం లేదు. సైట్ గ్లాస్‌లో (ఆయిల్ మట్టం చూసే గాజు బిళ్ల) ఆయిల్ చూస్తే పాలెక్కువైన టీ రంగు.

మెకానిక్ ఆ ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి "ఇది కంప్రెసర్ ఆయిల్ కాదండీ" అన్నాడు. నేను పౌరుషంగా బాటిల్ తెచ్చి చూపించా. ఆయన చేతి జిడ్డు తగిలి లేబుల్ అంచు లేచింది. గోటితో పట్టి లాగితే మొత్తం ఊడొచ్చింది. కింద ఇంకో లేబుల్! 20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్, బైక్ బొమ్మతో సహా. పాత లేబుల్ పీకి పారేసే ఓపిక కూడా లేదు మహానుభావులకి.

వెంటనే అమ్మినవాడికి ఫోన్ చేశా. తడబడతాడేమో, సారీ చెప్తాడేమో అనుకున్నా.

"అవును సార్, ఇంజన్ ఆయిలే. అయితే ఏంటి?"

"కంప్రెసర్ ఆయిల్ అని మీరే కదా రాశారు?"

"కంప్రెసర్‌లో పోస్తే కంప్రెసర్ ఆయిలే కదా సార్."

వెనకాల ఎవరో నవ్వారు. ఇతనూ నవ్వాడు. "ఇంజన్ ఆయిల్ ఇంకా పై రకం సార్. మంచి సరుకు పంపితే థాంక్స్ చెప్పాల్సింది పోయి గొడవేంటి? మీ మిషన్ పాతది, దాని రోగం మా మీద రుద్దకండి. సీల్ తీశారు కాబట్టి రిటర్న్ లేదు." కట్.

సీల్ తియ్యకుండా లోపల ఏముందో చూసే విద్య నాకు రాదు, అది నా తప్పే. ఆ "పై రకం" అన్న మాట మాత్రం ఇంకా చెవిలోనే ఉంది. రీడ్ పోయింది, గాస్కెట్ పోయింది, పెయింట్ వేసిన పనంతా గీకి మళ్లీ మొదలుపెట్టాలి. అవన్నీ ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు.

ఆ పై రకం సంగతేంటో చెప్తా. ఇంజన్‌లో ఇంధనం మండి మసి పుడుతుంది. ఆ మసి ఒకచోట పేరుకోకుండా ఆయిల్‌లోనే తేలుతూ ఉండాలని డిటర్జెంట్లు కలుపుతారు, ఫిల్టర్ కొంత పట్టుకుంటుంది, మిగిలింది ఆయిల్ మార్చినప్పుడు పోతుంది. మన చిన్న కంప్రెసర్లలో మండేది ఏమీ లేదు, ఆయిల్ ఫిల్టరూ ఉండదు. కనెక్టింగ్ రాడ్ కింద ఉండే డిప్పర్ ఆయిల్‌ని చిమ్మడం, అంతే. ఇక్కడి శత్రువులు వేరు: గాలిలోని తేమ, డెలివరీ వైపు వేడి. తేమ నీరై కిందికి దిగిపోవాలి. డిటర్జెంట్ ఉంటే నీళ్లు విడిపోకుండా ఆయిల్‌లో కలిసిపోతాయి, నేను చూసిన టీ రంగు అదే. ఇంక ఆ రసాయనాల్లోని లోహాలు వేడి వాల్వ్ మీద బూడిదగా మిగిలి, కార్బన్‌తో కలిసి గట్టిపడతాయి. వాల్వ్ మూసుకోకపోతే వేడి గాలి సిలిండర్‌లోకి వెనక్కొచ్చి మళ్లీ నొక్కబడుతుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా కార్బన్. ముదిరితే డెలివరీ లైన్‌లో ఆ కార్బన్ అంటుకోవచ్చు కూడా. ఇదండీ పై రకం.

"మా కంప్రెసర్‌కి కంపెనీ వాళ్లే ఇంజన్ ఆయిల్ పొయ్యమన్నారు" అని కొందరు రాస్తారని తెలుసు. కొన్ని కంప్రెసర్లకి నిజంగానే అలా ఉంటుంది, శుభ్రంగా పొయ్యండి. నా మాన్యువల్‌లో వద్దని ఉంది, నేను అది కొనలేదు కూడా.

సరే, కొనేవాళ్ల కోసం. వీజీ 100 అంటే 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం మాత్రమే, ఇంజన్ ఆయిళ్ల కొలతలో దాదాపు ఎస్ఏఈ 30తో సమానం. రకం గురించి అది ఏమీ చెప్పదు. హైడ్రాలిక్ ఆయిల్ మీద కూడా వీజీ 68 అని ఉంటుంది, నంబర్ చూసి మోసపోకండి. లేబుల్ మీదో డేటా షీట్‌లోనో డీఐఎన్ 51506 వీడీఎల్ ఉందేమో చూడండి, అది జర్మన్ ప్రమాణంలో వేడి ఎక్కువ తట్టుకునే కంప్రెసర్ ఆయిళ్ల తరగతి. డేటా షీట్ అడిగితే పంపనివాడి దగ్గర కొనకండి. బాటిల్ రాగానే, మూత తీయకముందే, లేబుల్ అంచు గోటితో గీకి చూడండి (నవ్వకండి).

ఈ బాటిల్ ఇప్పటికే పోసేసినవాళ్లు కరెంటు తీసేసి, ట్యాంక్‌లో ప్రెజర్ మొత్తం వదిలేసి, ఆయిల్ గోరువెచ్చగా ఉండగానే దింపండి. పైన కొత్తది కలిపేస్తే సరిపోతుందనుకోవద్దు. కొత్త ఆయిల్ కొంచెం పోసి కాసేపు తిప్పి, అదీ దింపేసి, అప్పుడు సైట్ గ్లాస్‌లో ఎర్ర చుక్క మధ్య వరకు నింపండి. ట్యాంక్ నిండడం అప్పటికే ఆలస్యమవుతుంటే హెడ్ కూడా విప్పించండి. ఊడొచ్చిన లేబుల్, దాని కింద లేబుల్ రెండింటి ఫొటోలూ పెట్టి కంప్లయింట్ ఇచ్చాను. మీ బాటిల్‌కి కూడా రెండు పొరలు ఉంటే ఫొటో తీసి కింద పెట్టండి, అన్నీ కలిపి పంపుతాను.