హెల్ప్ ఫైళ్ల ప్రివ్యూకి పైథాన్ లోకల్ సర్వర్: ఏళ్ల తరబడి వాడాక

సాఫ్ట్‌వేర్‌కి వెబ్ పేజీల రూపంలో హెల్ప్ రాసేవాళ్లకి, ఆ పేజీలను సొంత కంప్యూటర్‌లో తెరిచి చూసుకోవడం పాత తలనొప్పే. 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 వచ్చాక, మన పేజీని మన కంప్యూటర్‌లోనే తెరిచినా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పైన పసుపు పట్టీ చూపించి స్క్రిప్టులు ఆపేసేది. ఇప్పటి బ్రౌజర్లలో ఆ పట్టీ కూడా రాదు. కుడివైపు పేజీ బాగానే ఉంటుంది, ఎడమవైపు విషయసూచిక ఖాళీ, సెర్చ్ పనిచేయదు. ఎఫ్12 నొక్కి కన్సోల్ చూస్తేగానీ అసలు ఎర్రర్ కనబడదు. డిస్క్ మీది ప్రతి ఫైలునూ బ్రౌజర్ ఒక వేరే సైటుగా లెక్కేస్తుంది, ఒకటి ఇంకొకదాన్ని చదవబోతే అడ్డుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ 2019లో, 68వ వెర్షన్ నుంచి ఈ పద్ధతికి మారింది. డౌన్‌లోడ్ చేసిన ఏదో పేజీ మన ఫోల్డర్‌లోని మిగతా ఫైళ్లు చదివేయకుండా పెట్టిన కాపలా ఇది. అందుకే దాన్ని తీసేయడం నాకు ఇష్టం లేదు. క్రోమ్‌ని ప్రత్యేక స్విచ్‌తో తెరిచి ఈ అడ్డు తొలగించే చిట్కా చాలామంది చెప్తారు. అదే విండోలో బ్యాంకు సైటు కూడా తెరిచే మనుషులం మనం!

నేను వాడేది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే చిన్న హెచ్‌టీటీపీ సర్వర్, అంటే ఫోల్డర్‌లోని ఫైళ్లను వెబ్‌సైటులా బ్రౌజర్‌కి అందించే ప్రోగ్రాము. హెల్ప్ అవుట్‌పుట్ ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఒక్క లైను కొడితే చాలు, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ (అంటే మన కంప్యూటరే), పోర్టు 8000లో మొత్తం హెల్ప్ వచ్చేస్తుంది. ఫైళ్లన్నీ ఒకే చోటి నుంచి వస్తున్నాయి కాబట్టి బ్రౌజర్‌కి అభ్యంతరం ఉండదు. సెట్టింగులు ముట్టుకోనక్కర్లేదు. ఆ లైనుని బ్యాచ్ ఫైల్‌లో పెట్టుకుంటే డబుల్ క్లిక్‌తో పని అయిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఊరికే నడిపితే ఈ సర్వర్ నెట్‌వర్క్‌లో అందరికీ తలుపు తెరుస్తుంది, విండోస్ ఫైర్‌వాల్ కూడా అనుమతి అడుగుతుంది. ఒక వార్నింగ్ పోగొట్టబోతే ఇంకోటి! బైండ్ ఆప్షన్‌లో 127.0.0.1, అంటే మన కంప్యూటర్‌కి మాత్రమే అందే చిరునామా, ఇస్తే రెండూ తీరతాయి.

లోపాలూ ఉన్నాయి. పేజీ మార్చి మళ్లీ తయారుచేశాక బ్రౌజర్ ఒక్కోసారి పాతదే చూపిస్తుంది. కంట్రోల్ ఎఫ్5 అలవాటు చేసుకోవాలి. ఫైలు పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడాలు విండోస్ పట్టించుకోదు కాబట్టి, ఇక్కడ చక్కగా తెరుచుకున్న లింకు లైనక్స్ సర్వర్‌కి ఎక్కాక తెగిపోవచ్చు. ఆ పరీక్ష వేరే చేసుకోవాల్సిందే. అందుకే ఐదుకి నాలుగు మార్కులు.

హెల్ప్ పేజీలన్నీ ఒకే ఫైలుగా కట్టిన పాత విండోస్ సీహెచ్‌ఎం ఫైళ్లకి మాత్రం ఇది అక్కరకు రాదు. మెయిల్‌లోనో జిప్‌లోనో వచ్చిన ఫైలుకి ఇంటర్నెట్ నుంచి వచ్చిందని విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. దాంతో విషయసూచిక కనిపించినా పేజీ తెరుచుకోదు. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కింద అన్‌బ్లాక్ టిక్. అయితే ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన ఫైలుకే ఇలా చేయాలి, ఎందుకంటే సీహెచ్‌ఎం లోపల ప్రోగ్రాములు నడిపించే స్క్రిప్టు ఉండొచ్చు. ఆఫీసు షేర్‌డ్ డ్రైవ్‌లో ఉన్నదానికి అన్‌బ్లాక్ చేసినా లాభం లేదు. 2005లో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ నెట్‌వర్క్ దారిలోని సీహెచ్‌ఎంలను కట్టడి చేసింది. దాన్ని సడలించే రిజిస్ట్రీ కిటుకులు ఉన్నాయిగానీ, సీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని చూడటమే నయం.