3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సోలార్ ప్యాకేజీ: హనుమకొండ, కాజీపేట ఇళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చినప్పటి నుంచి వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఎక్కువగా అమ్ముతున్నది ఒకే రకం ప్యాకేజీ. 540 వాట్ల ప్యానెళ్లు 6, 3 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్, ఇనుప స్టాండు, నెట్ మీటరు (మనం తీసుకున్న, బయటికి పంపిన యూనిట్లు రెండూ లెక్కపెట్టేది). ఆన్‌గ్రిడ్ అంటే బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకే కలిపేది. స్టాండు ఎత్తును బట్టి ధర 2 లక్షలకు అటూ ఇటూ పలుకుతోంది. సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు. ఆపైన ఎంత పెట్టినా సబ్సిడీ పెరగదు, అందుకే అందరూ 3 దగ్గరే ఆగుతున్నారు.

సరుకు మంచిదే. ప్యానెల్ 25 ఏళ్లు పనిచేస్తుంది, అందులో పాడయ్యే భాగాలంటూ దాదాపు ఏమీ లేవు. తేడా వచ్చేదంతా బిగించే పనిలో, కాగితాల్లో, ఇంటికి సరిపడని సైజు కొనడంలో. ఇంకో మాట ముందే తేల్చుకోవాలి. డాబా మీద సోలార్ పెడితే దేశం చమురు కొనడం తగ్గుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. మన ఇంటికొచ్చే కరెంటు చమురుతో తయారు కావడం లేదు. భూపాలపల్లి చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలోనూ, రామగుండంలోనూ కాలేది బొగ్గు. కాబట్టి డాబా సోలార్ తగ్గించేది బొగ్గును. అదీ మంచిదే. కానీ 85 శాతానికి పైగా విదేశాల నుంచి తెచ్చుకుంటున్న ముడి చమురు తగ్గాలంటే ఆ కరెంటు చక్రాలకు ఎక్కాలి. స్కూటర్, బస్సు, రైలు. ఆ సంగతి చివర్లో లెక్కతో చూద్దాం.

ముందు ఈ ప్యాకేజీ ఎవరికి వద్దో చెప్పాలి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న ఇంటికి దీనివల్ల మిగిలేది ఏమీ లేదు. ఆ పథకం లేకపోయినా నెలకు 180 యూనిట్లు వాడే ఇంటికి వచ్చే ఎనర్జీ చార్జీ 724 రూపాయలే (మొదటి 100కి 3.40, తర్వాత 80కి 4.80). ఆ ఇంటికి 3 కిలోవాట్లు ఎక్కువ. లాభం 200 దాటిన దగ్గర మొదలవుతుంది, ఎందుకంటే అక్కడ రేటు స్లాబు మొత్తం మారిపోయి మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. వేసవిలో ఏసీతో 400 యూనిట్లు కాలితే 200కి 1,020, తర్వాతి వందకు 7.70 చొప్పున 770, ఆ తర్వాతి వందకు 9 చొప్పున 900, మొత్తం 2,690. 3 కిలోవాట్ల సోలార్ రోజుకు సగటున 11 యూనిట్లకు పైగా, నెలకు 340 చుట్టూ ఇస్తుంది. మిగిలిన 60 యూనిట్లు కింది స్లాబులోకి వచ్చి పడతాయి, చార్జీ 130 రూపాయలు దాటదు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ మాత్రం పోవు. ఏడాది పొడుగునా సగటున నెలకు 2 వేలు మిగిలే ఇంటికి సబ్సిడీ పోను పెట్టిన 1.22 లక్షలు 5 ఏళ్లలో తిరిగొస్తాయి. 250 యూనిట్ల ఇంటికి 7 ఏళ్లు పైనే. బిల్లు చూడకుండా అందరికీ మూడు నాలుగేళ్లని చెప్పే అమ్మకందారును నమ్మొద్దు. ఏడాది బిల్లులు ముందు పెట్టి లెక్క వేయించుకోండి.

జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు రోజుకు 5, 6 యూనిట్లకు పడిపోయే రోజులుంటాయి. ఎండలు మండే మే నెలలో అత్యధికంగా రావాలి కదా అనుకుంటారు, రాదు. వేడెక్కిన కొద్దీ ప్యానెల్ శక్తి తగ్గుతుంది, 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం. బయట 44 డిగ్రీలుంటే ప్యానెల్ ఒళ్లు 65 దాకా పోతుంది, అంటే అప్పటికే 14 శాతం పోయినట్టు. కింద గాలి ఆడేలా ప్యానెళ్లకూ డాబా స్లాబుకూ మధ్య కనీసం 2 అడుగుల ఖాళీ అడగడం అందుకే.

ఇక బిగింపు. 6 ప్యానెళ్లకు నడిచే దారితో కలిపి 250 నుంచి 300 చదరపు అడుగులు కావాలి. ముఖం దక్షిణానికి, వాలు 15 నుంచి 18 డిగ్రీలు, మన అక్షాంశం 18 కనుక. నీడ విషయంలో చాలామంది వేసవిలో డాబా ఎక్కి చూసి సరేననుకుంటారు. చూడాల్సింది డిసెంబరు సూర్యుణ్ని. అప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ప్యానెల్ మట్టం కంటే 5 అడుగులు లేచిన ట్యాంకు నీడ ఉత్తరానికి నాలుగున్నర అడుగులు పడుతుంది, ఉదయం 9కి ఇంకా పొడుగు. 6 ప్యానెళ్లూ ఒకే వరుసలో సిరీస్‌గా కలుస్తాయి. ఒకదాని మూల మీద నీడ పడితే ఆ ప్యానెల్‌లో మూడో వంతు కరెంటు ఇవ్వడం మానేస్తుంది. రోజూ అదే చోట పడితే అక్కడే వేడెక్కి మచ్చ వస్తుంది. మెట్ల గది, నీళ్ల ట్యాంకు, పక్కింటి కొత్త అంతస్తు, ఈ మూడూ చూసుకున్నాకే చోటు ఖాయం చేయాలి.

స్టాండు గురించి గట్టిగా పట్టుబట్టాలి. హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసిన పూత) 80 మైక్రాన్ల ఇనుము అని కొటేషన్‌లో రాయించుకోండి. రంగు వేసిన మామూలు పైపు రెండు వానాకాలాలకే వెల్డింగు దగ్గర తుప్పు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలిదుమారం ప్యానెళ్లను కిందనుంచి పైకి ఎత్తుతుంది. కాళ్లను స్లాబులోకి బోల్టులతో దించితే గట్టిగానే ఉంటుంది గానీ ఆ రంధ్రాల నుంచే వానాకాలంలో ఉరుపు మొదలవుతుంది. స్లాబు పైపొర చెక్కి, దిమ్మె పోసి, అందులో కాళ్లు కూర్చోబెట్టి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేయడం మేలు. బట్టలారేసుకోవడానికి, పడుకోవడానికి కింద చోటు ఉంటుందని 8 అడుగుల ఎత్తు స్టాండు అడుగుతారు. దానికి ఖర్చు ఎక్కువ, గాలి ఒత్తిడి ఎక్కువ. డాబా నిజంగా వాడే ఇల్లయితే తప్ప తక్కువ ఎత్తే నయం.

కోతుల గోల తెలిసిందే. ప్యానెల్ అద్దం వాటి బరువుకు పగలదు, కానీ పదే పదే దూకితే లోపలి సెల్లుల్లో కంటికి కనపడని చీలికలు వస్తాయి. అంతకంటే ముందు అవి పట్టేది వేలాడే వైర్లను. ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్‌కు వచ్చే 4 చదరపు మిల్లీమీటర్ల డీసీ కేబుల్‌ను రైలింగు లోపలి వైపు స్టీలు టైలతో కట్టించి, కిందికి దిగేదంతా ఎండకు తట్టుకునే పైపులో పంపాలి. ప్లాస్టిక్ టైలు రెండేళ్లలో పెళుసై తెగుతాయి. వైరు లాగినప్పుడు సడలేది ప్యానెళ్ల వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్. అది సగం ఊడి ఉన్నా కరెంటు పారుతూనే ఉంటుంది, ఆ సందులో నిప్పు పుడుతుంది. ఒక కంపెనీ మగ కనెక్టర్‌కు ఇంకో కంపెనీ ఆడ కనెక్టర్ తొడిగినా ఇదే ప్రమాదం, చూడ్డానికి సరిగ్గానే కూర్చున్నా లోపల పట్టు సరిపోదు.

ఎర్తింగ్‌లో మిగుల్చుకునే కాంట్రాక్టర్లు చాలా మంది. గుంతలు 3 ఉండాలి. పిడుగు కడ్డీకి ఒకటి, స్టాండు, డీసీ వైపు ఒకటి, ఇన్వర్టర్ ఏసీ వైపు ఒకటి. మూడింటినీ ఒకే గుంతలో కలిపితే పిడుగు పడినప్పుడు ఆ పోటు నేరుగా ఇన్వర్టర్‌లోకి వస్తుంది. అప్పగించేటప్పుడు మీటరు పెట్టి రెసిస్టెన్స్ చూపించమనండి, 5 ఓమ్‌ల లోపు ఉండాలి. మన దగ్గర రాతి నేలల్లో అది అంత సులువుగా రాదు, గుంత లోతు పెంచడమో రెండో కడ్డీ వేయడమో చేయాలి.

కాగితాల పని ఆన్‌లైన్‌లోనే. పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో మన కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) టీజీఎన్‌పీడీసీఎల్‌ను ఎంచుకుని, బిల్లు మీది యూఎస్‌సీ (కనెక్షన్) నంబరుతో నమోదు కావాలి, ఆ తర్వాత నమోదైన వెండర్‌ను ఎంచుకోవాలి. పని ఆగిపోయేది ఎక్కువగా పేర్ల దగ్గర. మీటరు తాతగారి పేరున, దరఖాస్తు కొడుకు పేరున, బ్యాంకు ఖాతా కోడలి పేరున ఉంటే సబ్సిడీ కదలదు. ముందుగా మీటరు పేరు మార్పించుకోండి. ప్యానెళ్లు దేశంలోనే తయారైన సెల్లులతో చేసినవి కావాలి, అంటే డీసీఆర్ రకం. పైకి ఎత్తకముందే ఆరింటి సీరియల్ నంబర్లూ ఫోటో తీసి పెట్టుకోండి. పోర్టల్‌లో ఎక్కించిన నంబరు తేడా వస్తే, స్టాండు కింద దూరి స్టిక్కర్లు చదవడం చాలా కష్టం.

నెట్ మీటరు బిగించేదాకా ఇన్వర్టర్ ఆన్ చేయొద్దు. ఇది చాలా ఇళ్లలో జరిగే నష్టం. పాత మీటరుకు దిశ తెలియదు, బయటికి పోయే యూనిట్లను కూడా వాడకం కిందే కలుపుతుంది. టెస్టింగ్ పేరుతో పది రోజులు నడిపితే ఆ నెల బిల్లు రెట్టింపు వస్తుంది. కొత్త మీటరు వచ్చాక బటన్ నొక్కి చూడండి, 1.8.0 దగ్గర కనిపించేది మీరు తీసుకున్న యూనిట్లు, 2.8.0 దగ్గరిది మీరు ఇచ్చినవి. నెలాఖరున ఈ రెండూ రాసిపెట్టుకుంటే బిల్లులో తప్పు వస్తే డిస్కం ఏఈ ఆఫీసులో మాట్లాడటం తేలిక.

కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మీ ఇంటి నుంచి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తాను తప్పుకుంటుంది. ఆ సంగతి అమ్మేటప్పుడు చెప్పరు, బ్యాటరీ ఉందనుకుని కొన్నవాళ్లు తర్వాత గొడవ పడతారు.

ఇంకో జబ్బు వీధి చివరి ఇళ్లది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న లైనులో పగలు ఐదారు ఇళ్ల సోలార్ ఒకేసారి కరెంటు తోస్తే వోల్టేజీ 255 దాటుతుంది, ఇన్వర్టర్లు వంతులవారీగా ట్రిప్ అవుతాయి. ఇన్వర్టర్ యాప్‌లో 11 నుంచి 2 మధ్య ఉత్పత్తి గీత రంపపు పళ్లలా కనిపిస్తే కారణం ఇదే. ముందు ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా ఉన్న వైరు మందం చూడండి, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి ఉండాలి, సన్నదైతే వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. అది సరిగ్గా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపు (వోల్టేజీ సర్దే అమరిక) మార్చమని డిస్కంకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

శుభ్రం చేయడం రెండు వారాలకోసారి, పొద్దున్నే. బోరు నీళ్లతో కడిగి ఆరనిస్తే సున్నం మరకలు పడతాయి, తర్వాత అవి పోవు. రైస్ మిల్లుల దగ్గరి ఇళ్లలో ఊక బూడిద పేరుకుంటుంది, అక్కడ వారానికోసారి తప్పదు. ఎండకు వేడెక్కిన ప్యానెల్ మీద చల్లటి నీళ్లు పోయకండి.

ఇప్పుడు పెట్రోలు లెక్క. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున నెలకు 26 రోజులు తిరిగే బండికి, లీటరుకు 45 ఇస్తుందనుకుంటే 17 లీటర్ల పైన. లీటరు 107 చుట్టూ ఉంటే దాదాపు 1,850 రూపాయలు. అదే దూరానికి ఎలక్ట్రిక్ స్కూటర్ గోడ ప్లగ్గు నుంచి తీసుకునేది 27 యూనిట్లే. సోలార్ ఇచ్చే 340లో 27 పెద్ద లెక్కలోకి రాదు, కానీ మొత్తం ప్యాకేజీలో చమురు నిజంగా తగ్గించేది ఆ 27 యూనిట్లే. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా ప్రకటించారు. చార్జింగ్‌కు ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్, మీటరు బోర్డు నుంచి విడిగా వైరు వేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నాలుగు గంటలు చార్జి పెడితే పిన్నుల దగ్గర కరుగుతుంది. మే నెలలో బండి దిగిన వెంటనే కాకుండా బ్యాటరీ చల్లబడ్డాక పెట్టాలి.

హైదరాబాద్ ప్రయాణానికి ఏ స్కూటరూ సరిపోదు. కారులో అయితే ఒకవైపుకే 8, 9 లీటర్లు, పైగా కోమళ్ల, బీబీనగర్ టోల్‌గేట్లు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు దారి 132 కిలోమీటర్లు, మొత్తం 25 వేల వోల్టుల తీగ కింద. ఆ తీగలో ఈరోజు పారేది ఎక్కువగా బొగ్గు కరెంటే. అయినా రేపు సోలార్ వాటా పెరిగితే అదే ఇంజను, అదే బోగీలు దానితోనే నడుస్తాయి, ఏమీ మార్చక్కర్లేదు. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ 2022 జూలై నుంచి పూర్తిగా పనిచేస్తోంది. రైలులా ఉన్నపళంగా సోలార్‌కు మారే వీలు పెట్రోలు కారుకు ఎప్పటికీ రాదు.

రైలు సేవకు మార్కులు వేయాలంటే ధరకు పూర్తిగా, జనరల్ బోగీ రద్దీకి తక్కువగా వేయాలి. శాతవాహన, గోల్కొండ, కాకతీయ, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లు మన జనానికి చాలడం లేదు. వందేభారత్‌లలో విశాఖపట్నం బండి వరంగల్‌లో, నాగ్‌పూర్ బండి కాజీపేటలో ఆగుతాయి, రెండూ రిజర్వేషన్ మీదే. టికెట్ తీసుకునేటప్పుడు చివరి స్టేషన్ చూసుకోండి, 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బండ్లు అక్కడిదాకే పోతున్నాయి. సికింద్రాబాద్‌లో దిగితే మెట్రో పక్కనే, చర్లపల్లిలో దిగితే సిటీ బస్సు పట్టాలి. రైలు కుదరని రోజు బస్సులో పోయి ఉప్పల్‌లో దిగితే అక్కడి నుంచి మెట్రో ఉంది.