రియోహా, ప్రియొరాట్: రెండు స్పానిష్ వైన్ ప్రాంతాలు
స్పెయిన్‌లో వైన్ ప్రాంతాలకు ఇచ్చే అత్యున్నత గుర్తింపు రెండింటికే దక్కింది: ఎబ్రో నది వెంట ఉన్న రియోహాకు 1991లో, కాటలోనియా కొండల్లోని ప్రియొరాట్‌కు ఆ తరువాత.

రియోహాకు కలిసివచ్చింది పొరుగుదేశపు కష్టం. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఫిలాక్సెరా పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటలను నాశనం చేయగా, అక్కడి బోర్డో ప్రాంతపు వైన్ వ్యాపారులు సరుకు కోసం ఇటు వచ్చారు; 225 లీటర్ల ఓక్ పీపాల్లో వైన్‌ను మాగబెట్టే పద్ధతి ఇక్కడ వేళ్లూనుకోవడంలో వారి పాత్ర పెద్దది. టెంప్రానియో ద్రాక్షతో చేసే ఎర్ర 'గ్రాన్ రెసెర్వా' (అన్నిటికన్నా ఎక్కువకాలం మాగబెట్టే రకం) కనీసం ఐదేళ్లు మాగాలి, అందులో రెండేళ్లు పీపాలోనే.

ప్రియొరాట్ చరిత్ర కూడా పాతదే. 12వ శతాబ్దంలో స్కాలా డేయి మఠాన్ని స్థాపించిన కార్తూసియన్ క్రైస్తవ సన్యాసులే ఇక్కడి ద్రాక్షసాగును పెంచారు. అదే పురుగు ఈ తోటలను పాడుబెట్టాక, 1980ల చివర్లో రెనే బార్బియే, అల్వారో పలాసియోస్ వంటి వైన్ తయారీదారులు వచ్చేదాకా ఈ పేరును పట్టించుకున్నవారు తక్కువ. నిటారైన వాలుల్లో, చేత్తో నలిపితే పొరలుగా విడిపోయే నల్లటి పలకరాతి నేలలో, నీటికోసం లోతుకు దిగిన ఏళ్లనాటి గార్నాచా, కారిన్యేనా రకాల ద్రాక్షతీగలు కొద్దిపాటి పండ్లే ఇస్తాయి. అందుకే ఆ వైన్ చిక్కగా, ఘాటుగా, ఖరీదుగా ఉంటుంది.

నేల రుచి తెలియాలంటే ప్రియొరాట్‌నే ఎంచుకోవాలి. భోజనంతోపాటు తాగడానికైతే, నా అభిప్రాయంలో, రియోహాయే మేలు.