మిల్వాకీలో శుక్రవారం చేపల భోజనం

షికాగో నుంచి మిల్వాకీకి గంటన్నర దారి, హాయిగా చేరాం. తంటా అంతా డౌన్‌టౌన్‌లో దిగిన హోటల్‌తోనే. 139 డాలర్లని గది బుక్ చేస్తే, కౌంటర్ దగ్గర పార్కింగ్‌కి ఇంకో 38 కట్టమన్నారు. బుకింగ్‌లో ఆ మాటే లేదని ఫోన్ తీసి చూపించాను. ఆ అమ్మాయి తలెత్తి కూడా చూడకుండా "అయితే కారు వీధిలో పెట్టుకోండి" అంది. ఆ చలిలో, అమ్మని పక్కన పెట్టుకుని ఎక్కడికి పోతాం? కట్టాను. అమ్మ మాత్రం "ఇంత దూరం చేపల కోసం రావాలా" అని మొహం మాడ్చుకుంది. కారులో వెళ్లేవాళ్లు పార్కింగ్ ఎంతో ఫోన్ చేసి కనుక్కున్నాకే గది తీసుకోండి.

సాయంత్రం చర్చి హాల్లో అడుగుపెట్టాక ఆ చిరాకంతా పోయింది. ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలంలో క్యాథలిక్కులు శుక్రవారం మాంసం ముట్టరు. అందుకే ఆ వారాల్లో మిల్వాకీ ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎన్నో చర్చిల్లో చేపలు వేయించి ఊరందరికీ పెడతారు. పెద్దలకు 17 డాలర్లు, మా బాబుకి 8. కార్డు తీసుకోలేదు, నోట్లు దగ్గర ఉంచుకోండి. పొడవాటి బల్లల మీద ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడమే.

మూడు కాడ్ చేప ముక్కలు, రై బ్రెడ్, నిమ్మచెక్క, బంగాళాదుంప పాన్‌కేకులు. చేప పైపొర కరకరలాడింది, విరిస్తే లోపల తెల్లగా పొరలు పొరలుగా ఊడింది. "నీచు వాసనే లేదురా!" అంది అమ్మ. పాన్‌కేకుల్లో ఉల్లిపాయ కూడా తురిమి వేశారు, అంచులు ఎర్రగా వేగాయి. ఆపిల్ సాస్‌తో తినాలని ఎదురుగా కూర్చున్న పెద్దాయన చూపించాడు. అమ్మ వినలేదు, నిమ్మకాయ పిండుకుని నాలుగు తినేసింది.

ఒకప్పుడు ఇక్కడ మిషిగన్ సరస్సు పెర్చ్ చేపే వేయించేవారని ఆయన చెప్పాడు. చేప తగ్గిపోవడంతో 1996లో విస్కాన్సిన్ వైపు ఆ సరస్సులో పెర్చ్ వ్యాపార వేట ఆపేశారు. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్నప్పుడు బార్లవాళ్లు కూడా చవగ్గా చేపలు పెట్టి నెట్టుకొచ్చారు. ఆ అలవాటు పోలేదు, ఇప్పటికీ అక్కడి బార్లలో ఏడాది పొడవునా శుక్రవారం చేపలే. అయినా ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే చర్చి హాలుకే వెళ్లండి. ఆరైతే లైన్ వీధిలోకి వస్తుంది, ఐదింటికల్లా చేరాలి. ఫ్రెంచ్ ఫ్రైస్ కావాలా అని అడుగుతారు, వద్దని పాన్‌కేకులే అడగండి. క్యాబేజీ కోల్‌స్లా చప్పగా ఉంది, దాని జోలికి పోనక్కర్లేదు.