50 మిల్లీమీటర్ల హద్దులో పెద్ద టైర్లు: 64,000 కిలోమీటర్ల తర్వాత నా మాట

నేను కావాలనుకున్నవి 285/70 ఆర్17 టైర్లు (285 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, రిమ్ 17 అంగుళాలు). వేయించుకున్నవి 275/70 ఆర్17. రెంటికీ వ్యాసంలో తేడా 14 మిల్లీమీటర్లు. మూడున్నరేళ్ల కిందట ఆ 14 మిల్లీమీటర్ల కోసం నేను రాత్రుళ్లు కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చుంటే ఇంట్లో నవ్వుకున్నారు. ఇప్పుడు ఆ టైర్లు అరిగిపోయి కొత్తవి కొనాల్సిన సమయం వచ్చింది. తీసేసేలోపు అనుభవం రాసి పెడదామని ఇది.

బండి లాడర్ ఫ్రేమ్ (నిచ్చెనలాంటి ఇనుప చట్రం) మీద కట్టిన డీజిల్ ఫోర్-వీల్ డ్రైవ్. మామూలు రోడ్డు మీద వెనక చక్రాలే తిరుగుతాయి, కావాలన్నప్పుడు లివర్‌తో నాలుగూ కలుపుకోవాలి. కంపెనీ ఇచ్చిన టైర్లు 265/65 ఆర్17. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఉండే స్టిక్కర్‌లో ఆ సైజు ఒక్కటే ఉంది. కథంతా ఆ స్టిక్కర్ దగ్గరే మొదలవుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. 265ను 0.65తో గుణిస్తే టైరు పక్క గోడ ఎత్తు వస్తుంది. దాన్ని రెండింతలు చేసి రిమ్ వ్యాసం 431.8 కలపాలి. పాత టైరు 776.3 మి.మీ. అని తేలింది. 285/70 అయితే 830.8. అంటే 54.5 పెద్దది. ఆస్ట్రేలియా నిబంధనల్లో ఇలాంటి ఫోర్-వీల్ డ్రైవ్‌లకు హద్దు, కంపెనీ పేర్కొన్న టైరు కన్నా 50 మి.మీ. నా లెక్కలన్నీ ఆ అంకెతోనే. నాలుగున్నర మిల్లీమీటర్ల తేడాతో మనసుపడ్డ టైరు ఫెయిల్! "ఎవరు టేపు పట్టుకుని చూస్తారు" అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. మామూలు రోజుల్లో ఎవరూ చూడరు, నిజమే. ప్రమాదం జరిగాక చూస్తారు, చూసేది బీమా కంపెనీ మనిషి. నా టెన్షన్ అంతా అక్కడే.

275/70 అయితే 816.8. పాతదానికన్నా 40.5 ఎక్కువ, హద్దులోనే ఉంది. ఇది సైజు పేరు నుంచి వచ్చే లెక్క మాత్రమే. అదే సైజు రాసి ఉన్న టైర్ల అసలు వ్యాసం కంపెనీని బట్టి కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. హద్దు అంచున ఉన్నవాళ్లు డేటా షీట్ చూడకుండా డబ్బు కట్టొద్దు.

ఈ 50 అన్ని చోట్లా చెల్లే మంత్రం కాదు. భారత్‌లో మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటితో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అక్కడ బండి ఉన్నవాళ్లకు నా సలహా ఒక్కటే: అదే మోడల్ పై వేరియంట్‌కు కంపెనీయే ఇచ్చిన సైజు దాటి వెళ్లొద్దు.

వ్యాసం ఒక్కటే చూస్తే చాలదు. రిమ్ వెడల్పు నాది ఏడున్నర అంగుళాలు, 275కు సరిపోతుంది. రిమ్ ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత) మార్చలేదు, చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు పెట్టలేదు. స్పేసర్లు చాలాచోట్ల చెల్లవు, చెల్లినా నేను పెట్టను. పైనుంచి చూస్తే టైరు ఫెండర్ దాటి బయటికి రాకూడదు. వెడల్పు 10 మిల్లీమీటర్లే పెరిగింది కాబట్టి ఒక్కో వైపు ఐదే, ఆ బాధ లేకపోయింది. సస్పెన్షన్ జోలికి అసలు పోలేదు. లిఫ్ట్ (బండిని ఎత్తు చేసే కిట్) కూడా వేస్తే ఎత్తు లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. తప్పనిసరి కాకపోయినా ఒక ఇంజనీర్‌కు బండి చూపించి, కొలతలతో ఉత్తరం రాయించుకున్నాను. దాన్ని బీమా కంపెనీకి పంపి, ఒప్పుకుంటున్నట్టు లిఖితంగా జవాబు తెచ్చుకున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా మనశ్శాంతి ఇచ్చింది ఆ కాగితమే.

లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేనే పొరబడ్డాను. పాత టైరు మీద 112 అని ఉండేది, అంటే ఒక్కో టైరు 1,120 కిలోలు మోస్తుంది. కొత్తది లైట్ ట్రక్ రకం, 121, అంటే 1,450 కిలోలు. అంకె పెరిగిందని సంబరపడ్డాను. మొదటి సంగతి, టైరు ఎంత మోసినా బండి మోయగలిగే బరువు పెరగదు. రెండోది ఇంకా ముఖ్యం: ఆ 1,450 అన్నది 80 పీఎస్ఐ గాలి ఉన్నప్పటి మాట. స్టిక్కర్‌లో రాసిన 36 పీఎస్ఐనే ఈ టైర్లలో కొడితే అవి మోసే బరువు చాలా తగ్గిపోతుంది. నేను మొదటి రెండు నెలలు 36తోనే నడిపాను. హైవే మీద టైర్లు బాగా వేడెక్కేవి, ముందు టైర్ల భుజాలు (ట్రెడ్ రెండు అంచులు) త్వరగా అరగడం మొదలైంది. తర్వాత ముందు 38, వెనక 40కి పెంచాను. సామాను నిండా వేస్తే వెనక 46. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, గంట నడిపాక ఒకసారి గేజ్ పెట్టి చూసుకుంటాను. ఐదారు పీఎస్ఐ కన్నా ఎక్కువ పెరిగిందంటే మొదట కొట్టిన గాలి తక్కువైనట్టే లెక్క.

ఇక స్పీడోమీటర్. వ్యాసం 5.2 శాతం పెరిగింది, అంటే చక్రం అన్నే చుట్లు తిరిగినా బండి 5.2 శాతం ఎక్కువ దూరం పోతుంది. పాత టైర్లతో జీపీఎస్‌లో 100 ఉన్నప్పుడు మీటర్ 104 చూపేది. కొత్తవి వేశాక అదే 100 దగ్గర 99 చూపింది. చూడ్డానికి ఇప్పుడే కచ్చితంగా ఉన్నట్టుంది. చట్టం చూపులో మాత్రం పాతదే సరైనది! ఐక్యరాజ్యసమితి 39వ నియంత్రణ ప్రకారం మీటర్ అసలు వేగం కన్నా ఎక్కువ చూపొచ్చు, పదో వంతు మీద ఇంకో 4 కిలోమీటర్ల దాకా. తక్కువ మాత్రం ఎప్పుడూ చూపకూడదు. నాది ఒక్క కిలోమీటరు తక్కువ చూపింది. బండి కంప్యూటర్‌లో టైరు చుట్టుకొలత మార్చే వీలు నా మోడల్‌లో లేదు, అందుకని వేగం సిగ్నల్‌ను సరిచేసే చిన్న మాడ్యూల్ పెట్టించాను. ఇప్పుడు 100కు 103 చూపుతోంది.

మాడ్యూల్ పెట్టేలోపు మూడు నెలలు ఓడోమీటర్ కూడా తక్కువే చూపింది. మైలేజీ లెక్క వేసి "లీటరుకు ఇంత పడిపోయిందా" అని గుండె బాదుకున్నాను. కొంత నిజంగానే పడింది, కొంత మీటర్ మింగిన కిలోమీటర్లు. సరిచేసిన లెక్కలో లీటరుకు 10.2 నుంచి 9.3కి వచ్చింది. ఇది అన్ని రకాల రోడ్లూ కలిపి మూడున్నరేళ్ల సగటు. ఆయిల్ మార్పు లాంటివి ఓడోమీటర్ చూసి చేయించేవాళ్లు కూడా ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

మైలేజీ పడటానికి కారణం వ్యాసం ఒక్కటే కాదు. రిమ్‌తో కాకుండా టైరు ఒక్కటే తూచాను: పాతది 17 కిలోలు, కొత్తది 24.5. ఆ బరువంతా చక్రం అంచున ఉంటుంది, కాబట్టి కదిలించడానికీ ఆపడానికీ బాగా తెలుస్తుంది. ఆరో గేరు 80 దగ్గర ఇదివరకు హాయిగా లాగేది, ఇప్పుడు వణుకుతుంది, ఐదులోకి దింపాలి. తడి తారు రోడ్డు మీద బ్రేకు వేస్తే ఇంకాస్త దూరం పోతుంది. అలవాటయ్యేదాకా రెండుసార్లు ముందు బండికి బాగా దగ్గరగా వెళ్లి ఆగాను. లో రేంజ్‌లో (కష్టమైన దారుల కోసం ఉండే తక్కువ గేర్లలో) నిటారు దిగుడు దిగేటప్పుడు ఇంజిన్ పట్టు కూడా కొంచెం వదులైనట్టు అనిపిస్తుంది. గేరింగ్‌లో 5 శాతం పోయిందంటే ఇదే.

రాసుకోవడం గురించి అందరూ అడుగుతారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్‌లో వెళ్తే ముందు టైరు, ఫెండర్ లోపలి ప్లాస్టిక్‌కూ మడ్ ఫ్లాప్‌కూ తగిలేది. అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వాలు) కొంచెం పెంచి చక్రాన్ని ముందుకు జరిపించాను. ప్లాస్టిక్‌ను వేడి గాలి గన్‌తో మెత్తబరిచి వెనక్కి నొక్కాం. దాంతో సమస్య తీరిపోయింది. 285 వేసినవాళ్లలో కొందరు బాడీని ఛాసిస్‌కు బిగించే బాడీ మౌంట్ ఇనుమునే కోయించుకుంటారు. టైరు కోసం ఛాసిస్ దగ్గర కోత పెట్టించడం నాకు మింగుడుపడలేదు.

నా పెద్ద తప్పు మాత్రం ఇది: మొదట నాలుగే కొన్నాను. కింద స్టెప్నీ కొత్తదే కదా, ఉంటుందిలే అనుకున్నాను. 9,000 కిలోమీటర్ల దగ్గర, రాళ్ల దారిలో వెనక ఎడమ టైరు పక్క గోడ చిరిగింది. చిన్న స్టెప్నీని వెనక వేస్తే రెండు వెనక చక్రాలకూ 40 మిల్లీమీటర్ల తేడా, రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్, దారి పొడవునా పని చేస్తూనే ఉండాలి. అందుకని ముందు చక్రం తీసి వెనక్కి, స్టెప్నీ ముందుకు. బురదలో రెండుసార్లు జాకీ పెట్టాను. ముందు చక్రాలు రెండూ సమానంగా లేనప్పుడు ఫోర్-వీల్ కలిపి గట్టి నేల మీద నడపకూడదు. కాబట్టి బండి కొన్నదే ఫోర్-వీల్ కోసమైతే, కావాల్సినప్పుడు అది లేకుండానే 90 కిలోమీటర్లు పాకుతూ ఇల్లు చేరాను. వారంలోపు ఐదోది కొన్నాను. స్టెప్నీ గూట్లో అది ఇరుకుగానైనా పట్టింది. అప్పట్నుంచి 10,000 కిలోమీటర్లకోసారి ఐదింటినీ మార్చి మార్చి తిప్పుతున్నాను.

ఇంతా చేసి లాభమెంత? వ్యాసం 40.5 పెరిగితే కింద ఎత్తు పెరిగేది అందులో సగం, 20 మిల్లీమీటర్లు. సుమారు వేలి మందం. అదే మోడల్ బండి ఉన్న స్నేహితుడు కంపెనీ సైజులోనే లైట్ ట్రక్ ఆల్-టెరైన్ టైర్లు వేసుకుని నాతో పాటే తిరిగాడు. లోతైన చక్రాల చాళ్లలో ఒకట్రెండు చోట్ల అతని డిఫరెన్షియల్ నేలకు గీసుకుంది, నాది గీసుకోలేదు. ఇసుకలో ఇద్దరం 18 పీఎస్ఐకి గాలి దించాం, ఇద్దరం ఒకేలా బయటపడ్డాం. రాళ్లలో కూడా అంతే. పెద్ద సైజు చేసిందని నేను మురిసిపోయిన పనిలో చాలా భాగం నిజానికి మందమైన గోడలూ, ట్రెడ్ రకమూ, గాలి దించడమూ చేసినవే.

టైర్లు మాత్రం బాగా నిలబడ్డాయి. కొత్తగా ఉన్నప్పుడు ట్రెడ్ లోతు 12 మి.మీ., ఇప్పుడు 5. చాలాచోట్ల చట్టం ఒప్పుకునే కనీసం 1.6 అయినా, బురదలో 5 దగ్గరే పట్టు సగం పోయినట్టుంది. 30,000 దాటాక మొదలైన హోరు తగ్గలేదు, పాటల సౌండు పెంచుకోవడం అలవాటైపోయింది.

ఈసారి 265/70 ఆర్17 చెప్పాను. 802.8 మి.మీ., అంటే కంపెనీ సైజు కన్నా 26.5 పెద్దవి, కింద ఎత్తులో 13 మిల్లీమీటర్ల లాభం. ఆరో గేరు కొంతైనా తిరిగొస్తుంది, ప్లాస్టిక్‌ను కాల్చక్కర్లేదు. మాడ్యూల్‌లో అంకె మార్పించి మీటర్ మళ్లీ జీపీఎస్‌తో చూసుకోవాలి, బీమా కంపెనీకి కొత్త కొలతలతో ఇంకో ఉత్తరం పంపాలి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు షాపతను "నాలుగేనా సార్?" అని అడిగాడు. ఐదు అన్నాను.